గీత జరిపితే అడవి క్షేమం

అడవులు తగ్గిపోతున్నాయని గగ్గోలు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కడ తగ్గాయండీ? మా బావగారి అడవిలో ఒక్కటంటే ఒక్క చెట్టు ఎండలేదు!

బావగారు అటవీశాఖలో ఆఫీసరు. ఆయన అడవిని ఆనుకుని పెద్ద గడ్డిమైదానం. అడవి చివరి చెట్ల మొదళ్ళకి తెల్లరంగు పట్టీ వేస్తారు, అదే సరిహద్దు గీత. ఇప్పుడేమో వానలు మొహం చాటేశాయి, ఎండలు ముదిరాయి. అంచు చెట్లు నిలువునా ఎండుతున్నాయి. వాటి కిందికి గడ్డి దూరుతోంది, గడ్డి వెంట నిప్పు దూరుతోంది. మామూలు బుర్రలైతే కంగారుపడతాయి. బావగారు ఏం చేశారు? ఎండిన చెట్లని వదిలేసి, వెనకున్న పచ్చని చెట్లకి రంగు వేయించారు!

ఆహా, ఏం బుర్రండీ అది! చచ్చిన చెట్టు గీత బయట. బయటున్నది అడవే కాదు. ఇక అడవికి నష్టమేమిటి, నా మొహం! ఈ పద్ధతి ఆస్పత్రుల్లో పెడితే ఒక్క రోగీ చావడు, మంచాన్ని వరండాలోకి లాగేస్తే సరి. పై ఆఫీసులో ఏసీ కింద కూర్చున్న దొరలు మురిసిపోయి బావగారికి షీల్డు కూడా ఇచ్చారు.

ఈ విజ్ఞానం మా అక్కకే ఎక్కలేదు. వాళ్ళ క్వార్టర్సు ఒకప్పుడు చెట్ల నీడలో ఉండేది. గీత జరిగీ జరిగీ ఇల్లు ఎండుగడ్డిలో పడింది. "ఏవండీ, ఇది అంటుకుంటే మన గతేంటి?" అని అక్క రోజూ పోరు పెట్టేది. "నీకు తెలీదులే, ఊరుకో" అనేవారాయన.

మొన్న మధ్యాహ్నం అంటుకుంది. బావగారు తన మంటలార్పే దళానికే ఫోన్ కొట్టారు.

"గీత లోపలా, బయటా సార్?" అన్నాడు డ్రైవరు.

"బయటే! అయితే ఏంటయ్యా, అది నా ఇల్లు!"

"బయట మంటకి బండి తియ్యొద్దని మీరే ఆర్డరేశారు కద సార్. పైనుంచి పర్మిషన్ తెప్పించండి."

ఎంత క్రమశిక్షణ! పర్మిషన్ వచ్చేలోపు ఇల్లు బూడిదైంది.

ఇద్దరూ కట్టుబట్టలతో మా ఇంటికొచ్చారు. మసి మొహంతో అక్క ఏడుస్తుంటే నేను టీ పెట్టి తెచ్చాను. బావగారు టీ తాగి, తేరుకుని, "ఏం ఫరవాలేదు, గీత ఇంకాస్త లోపలికి జరుపుదాం" అన్నారు.

అక్క కళ్ళు తుడుచుకుంది. "అలాగే జరపండి. జరపడానికి లోపల ఇంకెంత అడవి మిగిలిందో అది చెప్పండి ముందు."

"అదెవరూ అడగలేదే ఇంతవరకు!" అన్నారు బావగారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.