కుసుమాంబ అనారోగ్యంపై విచారణ సంఘం

ఒక పెద్ద అడవిలో సభ ఒకటి ఉండేది. పెద్ద అడవి అన్నది అందులో ఉండేవాళ్ల మాట. బయటినుంచి చూస్తే అది మేడింటి హాల్లో, టీవీ పక్కన పెట్టిన నాలుగడుగుల గాజుతొట్టి. లోపల ఉప్పునీళ్లు, రాళ్లు, నీలం దీపాలు, నీళ్లు కదిపే పంకా. అయినా సభ ఉందంటే పాలన ఉన్నట్టే, పాలన ఉందంటే అడవి ఉన్నట్టే.

నడిమి రాతిమీద కుసుమాంబ అనే పగడం ఉండేది. గొడుగులాంటి ఒళ్లు, దాని నిండా సన్నటి వేళ్లలాంటి రేకులు. పొద్దున్నే దీపాలు వెలగ్గానే రేకులన్నీ విప్పుకుని వెలుతురు తాగేది, నీళ్లలో కొట్టుకొచ్చింది తినేది. విప్పుకుంటేనే ఆమెకి తిండి. ముడుచుకుంటే పస్తు.

నెల్లాళ్లుగా ఆమె విప్పుకోవడం లేదు. ఒళ్లు పాలిపోయింది. మైనంలాంటి పొర కట్టి ఊడిపోతోంది. ఇంకో నెల ఇలాగే సాగితే రాయి మిగులుతుంది, కుసుమాంబ మిగలదు.

కారణం ఆమెకి తెలుసు. అది ఆమె ఒళ్లోనే పడుకుని ఉంది.

దాని పేరు రసరాజు. నారింజరంగు ఒంటిమీద తెల్లచారలున్న జోకరు చేప. నెల కిందట వచ్చి, "నువ్వు లేకపోతే నేను బతకలేను" అన్నాడు. తను ఉంటే ఆమె బతకగలదా అని మాత్రం అడగలేదు. పొద్దస్తమానం ఆ రేకుల్లో దొర్లేవాడు, వీపు రుద్దుకునేవాడు. తను తినగా మిగిలిన ముక్క తెచ్చి ఆమె మీద కుక్కి, "చూశారా, ఎంత బాగా చూసుకుంటున్నానో!" అని దారినపోయే ప్రతి చేపకీ చెప్పేవాడు.

"కాస్త జరుగు, ఊపిరాడటం లేదు" అంది ఒకరోజు కుసుమాంబ.

"నా ప్రేమ అలాంటిది మరి" అని ఇంకాస్త లోపలికి దూరాడు.

సభకి ఫిర్యాదు వెళ్లింది. పెట్టింది కుసుమాంబ కాదు, రసరాజే. "అయ్యా, ఇదివరకు ఒళ్లు పూలపాన్పులా ఉండేది. ఇప్పుడు గరుకు. నాకు నిద్ర పట్టడం లేదు."

చేప నిద్ర అంటే మాటలా! వెంటనే విచారణ సంఘం పడింది. అధ్యక్షుడు ఆల్చిప్ప దొరగారు. చిప్ప పెదవులకి నీలిమఖమలు అంచులతో పెద్ద బండరాయిమీద కూర్చుని ఉండేవారు. ఏళ్ల తరబడి కదలకుండా ఒకేచోట కూర్చున్నారు కాబట్టి అనుభవజ్ఞులు. సభ్యుడు డాక్టరు పసుపుచేప. తోక దగ్గర కత్తిలాంటి ముల్లు ఉంది కాబట్టి డాక్టరు.

"ఏమ్మాయ్, ఏం లోటు నీకు?" అన్నారు దొరగారు. "దీపాలున్నాయి, నీళ్లున్నాయి, కనిపెట్టుకుని ఉండే వాడున్నాడు."

"ఆ కనిపెట్టుకుని ఉండటమే..." అని మొదలుపెట్టింది కుసుమాంబ.

"చూశారా, ఎదురు చెబుతోంది. ఇది నరాల బలహీనత" అన్నాడు డాక్టరు.

చేపల ఒళ్లు తోమి పొట్టపోసుకునే రొయ్య లచ్చమ్మ పక్కనే ఉంది. ఆమె ఉండబట్టలేకపోయింది. "అయ్యగారూ, ఒక్క వారం ఆ రసరాజు బాబుని వేరే రాతికింద పడుకోమనండి. అప్పుడు తెలుస్తుంది."

"ప్రేమవల్ల ఎవరికైనా జబ్బు చేస్తుందటే?" దొరగారు నవ్వారు. "నువ్వు వెళ్లి డాక్టరుగారి మొప్పలు తోము."

లచ్చమ్మ మాట నివేదికలోకి ఎక్కలేదు.

సోమవారం డాక్టరు వెలుతురు ఎక్కువైందన్నాడు. సభ బంట్రోతులైన పీతలు వెళ్లి దీపాలు తగ్గించాయి. మంగళవారం గాలి తగలడం లేదన్నాడు. పంకా తెచ్చి ఆమె మొహానికి పెట్టాయి. బుధవారం సున్నం తక్కువైందని సున్నం, గురువారం సున్నం ఎక్కువైందని ఉప్పు. దేనివల్ల ఏం జరిగిందో తెలిసే దారి లేకుండా అన్నీ ఒక్క వారంలోనే చేశారు. ప్రతి పరీక్షకీ రసరాజు ఆమె ఒళ్లోనే పడుకుని, "మీరు కానివ్వండి డాక్టరుగారూ, నేను అడ్డం రాను" అన్నాడు.

శుక్రవారానికి ఒక్క రేకు కూడా లేవలేదు. డాక్టరు తోక విదిలించాడు. "ఇది కావాలనే ముడుచుకుంటోంది. వేరుగా పెట్టండి, బుద్ధొస్తుంది."

తొట్టి మూల రోగుల కోసం చిల్లుల పెట్టె ఒకటుంది. నీళ్లు, వెలుతురు వెళతాయి, చేపలు దూరవు. పీతలు కుసుమాంబని రాతినుంచి పెకలించి అందులో పడేశాయి. అది శిక్ష.

మూడోరోజు మైనం పొర మొత్తం ఊడిపోయింది. పదోరోజున ఒక రేకు లేచింది. దానిమీద ఎవరూ పడుకోలేదు. కుసుమాంబకి నమ్మకం కుదరలేదు. భయంభయంగా ఇంకోటి విప్పింది. నెల తిరిగేసరికి పెట్టె నిండా విచ్చుకుని, లేత ఊదారంగు తిరిగి, నిండుగా ఊగుతోంది. గొడుగు కాడలాంటి ఆమె కాలు పెట్టె అడుగునున్న రాతికి గట్టిగా అతుక్కుంది.

"మన వైద్యం ఫలించింది!" అన్నాడు డాక్టరు.

"శుభం. అమ్మాయిని రసరాజుకి అప్పగించండి" అన్నారు దొరగారు.

పీతలు వచ్చి ఒకవైపు లాగాయి, ఇంకోవైపు లాగాయి. కుసుమాంబ రేకులన్నీ ముడిచి, బలమంతా కాల్లోకి తెచ్చుకుని రాయిని పట్టుకుంది. సాయంత్రానికి పీతల గోళ్లు అరిగాయి, ఆమె కాలు ఊడలేదు.

"లాగితే చిరిగి చస్తుంది అయ్యగారూ" అంది లచ్చమ్మ. "చచ్చిన పాన్పు బాబుగారికి మెత్తగా ఉంటుందా?"

రసరాజు ఆలోచించాడు. ఉండదని తేలింది. అతని ప్రేమ అంతటితో ముగిసింది, కానీ నిద్ర సమస్య తీరలేదు. కుసుమాంబ కాలు సడలించి చుట్టూ చూసింది. అతను తొట్టంతా తిరుగుతున్నాడు. మెత్తగా, కదలకుండా, పారిపోయే వీలు లేకుండా ఉన్నవాళ్లు ఇంకెవరా అని వెతుకుతున్నాడు.

నీలిమఖమలు అంచులు కనబడ్డాయి.

"దొరగారూ, మీరు లేకపోతే నేను బతకలేను" అని వెళ్లి ఆయన పెదవులమీద పడుకున్నాడు.

మొదటి గంట దొరగారు మర్యాదకి ఊరుకున్నారు. రెండో గంటకి మూసుకున్నారు. తెరిస్తే చాలు రసరాజు లోపల వీపు రుద్దుకుంటున్నాడు. తెరవకపోతే తిండి లేదు. మర్నాటికి మఖమలు వెలిసిపోయింది.

అత్యవసర సమావేశం పెట్టారు. ఈసారి దీపాలు తగ్గించలేదు, సున్నం కొలవలేదు, దొరగారి నరాల సంగతి ఎవరూ ఎత్తలేదు.

"కారణం స్పష్టంగా ఉంది. ఈ చేపని అవతలికి నెట్టండి" అన్నాడు డాక్టరు. ఎవరి ఒళ్లో ఎవరూ అడక్కుండా పడుకోరాదని మధ్యాహ్నానికల్లా చట్టం చేశారు. వైద్యచరిత్రలో ఇదో గొప్ప ఆవిష్కరణ అని తీర్మానించి డాక్టరుకి సన్మానం చేశారు.

లచ్చమ్మ చిల్లుల పెట్టె దగ్గరికి వచ్చి అంతా చెప్పింది. కుసుమాంబ ఎంత నవ్విందంటే, ఒక్క రేకు కూడా ముడుచుకుని మిగల్లేదు.

నీతి: ఆడదాని జబ్బుకి కారణం దొరకాలంటే, ముందు ఆ జబ్బు మగవాడికి రావాలి.