పసుపు రాసిన ప్రపోజల్

ఆ శుక్రవారం పొద్దున భార్గవ్, ప్రసన్నలు చెయ్యాల్సింది చిన్న పనే. తమ ఊళ్ళోనే గోల్‌మురి పేటలో ఒక కార్ఖానా తన క్యాంటీన్ కూపన్లను కంప్యూటర్‌కెక్కించడానికి ప్రపోజల్స్ అడిగింది. సీలు వేసిన కవరు మధ్యాహ్నం మూడింటిలోగా ఇవ్వాలి. పని దక్కితే భార్గవ్ ఇక్కడే సొంతంగా నిలదొక్కుకుంటాడు. దక్కకపోతే వచ్చే నెల రూర్కెలాలో ఉద్యోగం. అక్కడ ఇచ్చేది బ్యాచిలర్ల హాస్టల్. వాళ్ళ పెళ్ళయి ముప్పై రెండు రోజులు.

కార్ఖానావాళ్ళు అడిగిన పద్దెనిమిది ప్రశ్నలకూ జవాబులు ప్రసన్నే టైపు చేసింది. పెళ్ళిలో మిగిలిన శుభలేఖ కవరు మందంగా, ముచ్చటగా ఉందని అందులో పెట్టి, లక్క సీలు వేసి, నాలుగు మూలలా పసుపు రాసింది.

"ఇదెందుకోయ్?"

"మొదటి పని కదండీ!"

కార్ఖానా పర్చేజ్ ఆఫీసు హెడ్ క్లర్కు వీరరాఘవులు, భార్గవ్ ఇచ్చిన కవరు చూసి వెలిగిపోయాడు. "శుభం బాబూ! మా ఆవిడతో తప్పకుండా వత్తాను."

"రండి సార్," అన్నాడు భార్గవ్. ఎక్కడికో, ఎందుకో అర్థం కాలేదు. ఆఫీసుల పద్ధతేమో అనుకున్నాడు.

ఇంట్లో ప్రసన్న అడిగింది: "రసీదేదీ?"

"ఇవ్వలేదు. భార్యతో వస్తానన్నాడు."

"ఎక్కడికి?"

"అడగలేదు."

ప్రసన్న నవ్వబోయి, పసుపు గుర్తొచ్చి ఆగిపోయింది. ఇద్దరూ స్కూటర్ మీద ఆఫీసుకు పరుగెత్తారు. వీరరాఘవులు భోజనానికి నది అవతల మాంగో పేటలోని ఇంటికి వెళ్ళాడన్నారు. కవరూ ఆయనతోనే వెళ్ళింది. వంతెన దాటి అక్కడికి చేరేసరికి రెండుంపావు.

"విప్పేశారా?" అంది ప్రసన్న గుమ్మంలోంచే.

"దేవుడి దగ్గర పెట్టకుండా శుభలేఖ ఇప్పుతామేటమ్మా?" అంది వీరరాఘవులు భార్య అమ్మణ్ణి.

"శుభలేఖ కాదు పిన్నిగారూ, ప్రపోజల్!"

"ప్రపోజలా?" వీరరాఘవులు ముద్ద వదిలేశాడు. "నా సర్వీసులో పసుపు రాసిన ప్రపోజల్ సూడ్లేదు!"

"కొత్త జంట, బువ్వ తినకుండా ఎలిపోతారేటి?" అని అమ్మణ్ణి విస్తళ్ళు వేసింది. పెరుగన్నం దాకా వదల్లేదు. రెండున్నర దాటాక భార్గవ్ దేవుడి పటం ముందున్న పసుపు కవరు లాక్కుని పరుగెత్తాడు. వీరరాఘవులూ ఎక్కడంతో స్కూటర్ ముగ్గురితో మూలుగుతూ బయల్దేరింది.

మూడుకు రెండు నిమిషాలుండగా కవరు ఆఫీసులోని ప్రపోజల్స్ పెట్టెలో పడింది. మూడింటికి అందరి ముందూ ఆఫీసరు పెట్టె తెరిచాడు. రెండు కవర్లు చదివి, మూడోది విప్పి, తిరగేసి, మళ్ళీ తిరగేశాడు.

"రాఘవులుజీ, యే క్యా హై?"

వీరరాఘవులు కళ్ళజోడు సవరించుకున్నాడు. "మా తోడల్లుడి కొడుకు మోహిత్ పెళ్ళి శుభలేఖ సార్. పర్సుడీహ్‌లో. దేవుడి దగ్గర రెండు కవర్లున్నాయి... ఇది రెండోది. ఈళ్ళ ప్రపోజల్ అక్కడే ఉండిపోయింది."

ప్రసన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రూర్కెలా హాస్టల్ గోడలు కూడా కనిపించాయి. ఆఫీసరు మాత్రం నిబంధనల పుస్తకం తీసి, వేలితో వరుస వెంట వెతికాడు.

"కమ్ సే కమ్ తీన్ చాహియే. యహా దో హీ హై. తారీఖ్ ఏక్ హఫ్తా ఆగే!"

కనీసం మూడు ప్రపోజల్స్ ఉండాలనీ, రెండే ఉన్నాయి కాబట్టి గడువు వారం పెరిగిందనీ అర్థమవడానికి భార్గవ్‌కు నిమిషం పట్టింది. ఈలోగా ప్రసన్న ఆఫీసరుకు రెండుసార్లు దణ్ణం పెట్టేసింది.

ఆ సాయంత్రం వీరరాఘవులు రిజిస్టరులో మూడో కవరు గురించి ఇలా రాశాడు: "పని జరిగే ముహూర్తం నిమిషాలతో సహా తెలిపారు, ధర తెలుపలేదు."