ఒక సెంటీమీటరు తక్కువ పాప

మనిషి ఎత్తు శరీరానికి సంబంధించిన విషయమని మనం ఇంతకాలం పొరబడ్డాం. అది ఈత కొలను కార్యాలయానికి సంబంధించిన విషయం.

115 సెంటీమీటర్లు నిండిన పిల్లలకే ఈత క్లాసు. మా మనవరాలు సెలవులు మొదలైనప్పటి నుంచి బకెట్లో ముఖం ముంచి ఊపిరి బిగబట్టడం సాధన చేస్తోంది. మేం వెళ్లిన రోజే చేరడానికి ఆఖరి రోజు. కొలిచే ఉద్యోగిని, నేను వేసిన వంకర జడను (మా ఆవిడ పోయాక ఆ శాఖ నాకు దక్కింది) సుతారంగా పక్కకు జరిపి, గోడమీది స్కేలు చూసింది.

"1.15 మీటర్లు. సరిగ్గా సరిపోయావు బంగారం!"

కంప్యూటర్లో కొట్టింది. కంప్యూటర్ 114 సెంటీమీటర్లంది.

"తాతయ్యా, నేను కుంచించుకుపోయానా?"

"ఇంకా తడవనే లేదు కదే!"

ప్రోగ్రామర్‌ని పిలిపించారు.

"కంప్యూటర్ 1.15ని ఉన్నదున్నట్టు దాచుకోలేదు సార్. వెంట్రుకవాసి తక్కువ పెట్టుకుంటుంది. వందతో గుణిస్తే 114.999... అలా పోతూ ఉంటుంది. పాయింటు తర్వాతదంతా మేం కోసేస్తాం."

"కోయడమెందుకు బాబూ? దగ్గరున్న అంకెకు సర్దెయ్యొచ్చుగా!"

"ఒక్క ముక్క మారిస్తే చాలు సార్. కానీ దశాంశ వ్యవహారాల ఉప నియంత్రణాధికారి గారి సంతకం కావాలి."

ఆవిడ దయామయురాలు (కూర్చోమన్నారు కూడా). పాపను ఆపాదమస్తకం పరిశీలించారు.

"కంప్యూటర్‌ని ముట్టుకోవడానికి వీల్లేదండీ. పిల్లనైతే సవరించవచ్చు."

వెంటనే ఉత్తర్వు వెలువడింది. స్కేలు దగ్గర ఒక సెంటీమీటరు మందం చెక్క వేయాలి. ఇకపై సిబ్బంది అందరూ దానినే నేలగా భావించాలి. చెక్క వచ్చింది. పాప ఎక్కింది. స్కేలు మీద 1.16. కంప్యూటర్ కాసేపు తటపటాయించి 115 అంది. (అది 1.16ని కూడా ఉన్నదున్నట్టు దాచుకోలేదట. ఆ బలహీనతకు ప్రోగ్రామర్ చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాను.) పాప కెవ్వున కేకేసి నీళ్లవైపు పరుగెత్తింది. ఉద్యోగిని చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

మా వెనకున్న తల్లి తన కూతురిని చెక్క ఎక్కించింది. ఆ పిల్ల నిజంగానే 114. చెక్కతో కలిపి స్కేలు 1.15 చూపింది. కంప్యూటర్ 114 అంది.

"మళ్లీ తప్పు చెబుతోంది!" అని వరుసంతా గోలపెట్టింది.

కంప్యూటర్ ఆ ఉదయం పలికిన రెండో నిజం అదే. ఉప నియంత్రణాధికారి గారు అందరికీ క్షమాపణ చెప్పి, ఇంకో చెక్క తెప్పించారు.