బిల్డ్‌కు ఇంట్లోంచి ఇచ్చినవి

బుధవారం పొద్దున కాఫీ ఫిల్టరు బిల్డ్‌లోకి వెళ్ళిపోవడంతో వకుళకూ ఆమె భర్త భానుమూర్తికీ చిన్న గొడవ జరిగింది. వెళ్ళిపోయినందుకు కాదు, వస్తువులు అలా వెళ్ళడం ఆ ఇంట్లో మామూలే. వెళ్ళింది ఇత్తడిది కావడంతో వచ్చింది గొడవ.

“స్టీలుది ఇవ్వకపోయారా? మూత పట్టక ఎలాగూ మూలన పడుందిగా!”

“స్టీలుది అడగలేదే! లాగ్‌లో ఇత్తడిది అని ఉంది. నా ఇష్టమా?”

“మీరు చివరి లైను తప్ప చదవరు. పైన ఏముందో చూశారా?”

వకుళ వెళ్ళి చూసింది. పైన ‘రెంటిలో ఏదైనా ఒకటి’ అని ఉంది. ఇప్పుడు చెప్పి ఏం లాభమని భానుమూర్తి టీ పెట్టమన్నాడు.

అతను ఇంటినుంచే పనిచేస్తాడు. కంపెనీవాళ్ళు పంపిన సోర్స్‌కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా కూర్చి ఒక ఫ్రేమ్‌వర్కు తయారుచెయ్యాలి. ఆ కూర్చడాన్నే బిల్డ్ అంటారు. అది పూర్తయితే, దాని మీద రాసిన ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోన్లోనైనా ఒక్క అక్షరం మార్చకుండా నడుస్తుంది. మొదలుపెట్టి మూడేళ్ళయింది. మధ్యలో ఏదో ఒకటి తక్కువపడి బిల్డ్ ఆగిపోతుంది. ఏది తక్కువపడిందో లాగ్‌లో, అంటే తన చిట్టాలో, రాస్తుంది. ఆ వస్తువును కంప్యూటరు పక్కన పెట్టి, పేరు టైపు చేసి, ఎంటర్ నొక్కాలి. ఆ తర్వాత అక్కడ వస్తువు ఉండదు. తెర మీద ‘దొరికింది’ అని ఒక లైను ఉంటుంది. తర్వాత వార్డు ఆఫీసుకు వెళ్ళి, రెండు కాపీల ఫారం నింపి, దాన్ని ఇంటి సామాన్ల జాబితాలోంచి కొట్టేయించుకోవాలి. ఆ పని మంగళ, శుక్రవారాల్లో మాత్రమే చూస్తారు.

ఇప్పటిదాకా వెళ్ళినవాటిలో పిండి జల్లెడ, మేడమెట్లలో మూడోది, అత్తగారి మధ్యాహ్నపు కునుకు ఉన్నాయి. రెండో మెట్టు మీంచి నాలుగో మెట్టెక్కడం అందరికీ అలవాటైంది. అత్తగారు రోజూ రెండు నుంచి మూడున్నర దాకా కళ్ళు తెరుచుకుని మంచం మీద పడుకుంటారు. కొడుకు ఉద్యోగం కాబట్టి ఏమీ అనరు. ఎదురింటివాళ్ళు తమ బిల్డ్‌కు బాల్కనీ ఇచ్చి, పొరపాటున ఎవరైనా అటు అడుగేస్తారని తలుపుకి అడ్డంగా బీరువా పెట్టుకున్నారు.

శుక్రవారంనాడు బిల్డ్ తొంభై ఒక్క శాతం దగ్గర ఆగింది. ‘సర్దుకుపోవడం దొరకలేదు. కనీసం పద్దెనిమిదేళ్ళు వాడినదై ఉండాలి’ అని వచ్చింది. భానుమూర్తికి అది సబబుగానే తోచింది. ఎక్కడ వేస్తే అక్కడ ఇమడాల్సిన ఫ్రేమ్‌వర్కు అది లేకుండా ఎలా నడుస్తుంది? ముందు తనదే ఇవ్వబోయాడు. ‘వాడిన దాఖలా లేదు’ అంది లాగ్. తల్లిని అడిగాడు.

“నాదెక్కడుందిరా? మీ నాన్నతోనే అయిపోయింది,” అన్నారావిడ గోడవైపు చూస్తూ.

“పోనీ వకుళా, నీది చూద్దామా?” అన్నాడు, అగ్గిపెట్టె అడిగినట్టు.

వకుళ చెయ్యి తుడుచుకుని వచ్చి కీబోర్డు మీద వేలు పెట్టింది. దొరికింది, పందొమ్మిదేళ్ళది. అయితే విడిగా ఊడిరాదని, మనిషితో సహా ఇవ్వాలని కింద ఉంది. దాని కింద పసుపు రంగులో ఇంకో లైను: ‘ఇది కాకపోతే ఆమని, వయసు పద్నాలుగేళ్ళు, మనిషితో సహా. గడువు నిండలేదు. హెచ్చరికతో చెల్లుతుంది.’

ఆమని వాళ్ళ ఒక్కగానొక్క కూతురు.

“హెచ్చరికేగా, ఎర్రరు కాదు,” అన్నాడు భానుమూర్తి. “పసుపువి ఎవరూ చదవరు. నువ్వు లేకపోతే మరి ఇల్లు గడవద్దూ?”

“పసుపువి నేను చదువుతాను,” అంది వకుళ.

శనివారం మధ్యాహ్నం, అత్తగారు కళ్ళు తెరుచుకుని పడుకున్న వేళ, ఆమె లాగ్ ముందు కూర్చుంది. నలభై వేల లైన్లు. బీఎస్సీలో ప్రాక్టికల్ రికార్డు సరిచూసుకున్నట్టు వేలు పెట్టి ఒక్కో లైనూ చదివింది. తన పేరు కింద ఉన్నవన్నీ తెలిసినవే. మాడిన దోసెలు. ఫ్యాను గాలి తగలని వైపు మంచం. వదులుకున్న ఎమ్మెస్సీ సీటు. తేదీలతో సహా ఉన్నాయి. ఆమని పేరు కింద ఏమీ ఉండదని ఆమె ధైర్యం. పిల్లకు అలాంటివేమీ తను నేర్పలేదు.

ఉన్నాయి. ‘ఆరో ఏట, బస్సులో కిటికీ పక్క సీటు. తొమ్మిదో ఏట, అమ్మకు తలనొప్పిగా ఉందని, స్కూల్లో బహుమతి వచ్చిన సంగతి చెప్పలేదు. పదమూడో ఏట, కూర చాలదని ఆకలి లేదంది.’ నూట పన్నెండు లైన్లు, అన్నీ పసుపువే. ఇంట్లో ఎవరూ చూడనివి. వకుళ కూడా చూడనివి.

ఆమె కంప్యూటరు కట్టేసి, వంటింట్లోకి వెళ్ళి బియ్యం ఏరింది.

ఆదివారం భోజనాలకు వంకాయకూర, చారు, నాలుగు అప్పడాలు. అప్పడాల్లో ఒకటి విరిగింది. ఎప్పుడూ అందరి తర్వాత తినే వకుళ ఆ రోజు వాళ్ళతో పాటే కంచం పెట్టుకుని కూర్చుంది.

“రేపు పది గంటలకి బిల్డ్‌లోకి నేను వెళ్తాను,” అంది. “పిల్ల పేరు మాత్రం ఆ లాగ్‌లోంచి తీసేయండి. నా కళ్ళ ముందు తీసెయ్యాలి.”

భానుమూర్తి చారు పోసుకున్నాడు.

“అదే నయంలే. హెచ్చరికలు కూడా రావు. మంగళవారం వార్డు ఆఫీసుకి నేను వెళ్తాను. నువ్వేం దిగులుపడకు వకుళా, బిల్డ్ అయ్యిందంటే ప్రతి ఇంట్లోనూ నువ్వే ఉంటావు.”

“ఈ ఇంట్లో?”

“ఇక్కడా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. మన కంప్యూటరు పాతది కదా... చూద్దాం.”

అత్తగారు ముద్ద కలుపుతూ, “అట్లకి మినప్పప్పు నానబోసి వెళ్ళమ్మాయ్,” అన్నారు.

“నేను నానబోస్తాలే నాయనమ్మా,” అంది ఆమని. “రేపట్నుంచి ఐదింటికి లేస్తాను.”

అంటూనే బాగున్న మూడు అప్పడాలూ మిగతావాళ్ళ వైపు జరిపి, విరిగినది తన కంచంలో వేసుకుంది. వకుళ దానికోసం చెయ్యి చాపింది. అప్పటికే పిల్ల కొరికేసింది.