వంతెన పైపులో శవం

"నా కంట్లో పడకుండా నేరం చేయగలిగినవాడు ఇంకా పుట్టలేదు," అని ప్రకటించాడు డేగకన్ను, కారు తాళాల కోసం ఇల్లంతా గాలిస్తూ. తాళాలు ఆయన ఎడమ చేతిలోనే ఉన్నాయి.

డేగకన్ను అనేది తనకు తనే పెట్టుకున్న పేరు. కళ్లజోళ్ల దుకాణం నడుపుతూ, మిగతా సమయమంతా నేరపరిశోధనకు అంకితం చేశాడు. నేరాలే ఆయనకు సహకరించడం లేదు.

ఆ రోజు ఆయన మరదలు నది మీది ఉక్కు వంతెనను డ్రోన్‌తో పరీక్షించబోతోంది. ఆమె వంతెనల ఇంజనీరు. డ్రోన్ ఎగురుతుంటే పక్షులూ తీగలూ అడ్డం రాకుండా కనిపెట్టుకుని ఉండే సహాయకుడికి జ్వరం రావడంతో, బావ మెడలో బైనాక్యులర్స్ వేసుకుని తయారయ్యాడు. ఆయన్ని ఏ మీటా ముట్టుకోనివ్వొద్దని అక్క చెల్లెల్ని చాటుకు పిలిచి మరీ చెప్పింది.

పనంతా సాఫీగా సాగింది. వంతెన అడుగున ఒక దూలం మీద మాత్రం ఎర్రటి చార కనిపించింది. తెర మీద దాన్ని చూడగానే బావ గొంతు తగ్గించాడు.

"రక్తం. తప్పు ఎవరిదో నేను తేలుస్తాను."

"తప్పు కాదు బావగారూ, తుప్పు."

అయితే ఆమెకూ అంతు చిక్కలేదు. పోయిన ఏడాదే రంగు వేశారు. ఎక్కడా పెచ్చు లేవలేదు. మరి తుప్పు ఎక్కణ్ణుంచి కారుతోంది? డ్రోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి విసిగిపోయింది. పరీక్ష కోసం వంతెన మీద ఆపిన బస్సులు రేపటి నుంచి వదలాలని ఆఫీసు తొందరపెడుతోంది. పైపై మరక అని రాసేద్దామనుకుంది.

బావ మాత్రం నీటి అంచుదాకా దిగి, బైనాక్యులర్స్ ఎత్తాడు. వంతెన మీది వాననీళ్లు దిగే పైపు మూతిలోంచి ఒక చొక్కా చెయ్యి వేలాడుతోంది. హతుడు దొరికాడని ఆయన ప్రకటించాడు. జానెడు పైపులో మనిషి ఎలా పడతాడని మరదలు అడిగింది.

"ఒకేసారి పడతాడని నేనన్నానా?"

దగ్గరగా చూద్దామని ఆమె కూడా ఆయన వెనక్కి దిగి, డ్రోన్‌ను పైపు వైపు నడిపింది. అప్పుడే పైపు కాస్త కదిలినట్టనిపించి, బావ వెనక్కి ఒక్క గంతు వేసి ఆమె భుజం పట్టుకున్నాడు. రిమోట్ మీద ఆమె వేలు జారింది. డ్రోన్ రెక్కలకు చొక్కా చుట్టుకుంది. గింజుకుని, గుడ్డనంతా బయటికి లాగి, దూలానికి కొట్టుకుని ఒడ్డున పడింది. వెనకే పైపులో నిలవున్న ఎర్రటి నీళ్లు దభాలున డేగకన్ను నెత్తిన కురిశాయి.

మరదలు ఆయన్ని చూడలేదు. డ్రోన్ తగిలిన చోట రంగు అట్టలా ఊడింది. ఆయన మెడలోని బైనాక్యులర్స్ లాక్కుని చూసింది. లోపలి ఉక్కు రేకు జల్లెడలా ఉంది. మూతి మూసుకుపోయిన పైపులో నీళ్లు ఎగదన్ని, అతుకు దగ్గర కారి, రంగు వెనకే ఏడాదిగా దూలాన్ని తినేశాయి.

వెంటనే ఆఫీసుకు ఫోన్ చేసింది. బస్సులు వదలొద్దని గట్టిగా చెప్పింది. ఫోన్ పెట్టేశాక, తను పైపై మరక అని రాయబోయిన సంగతి గుర్తొచ్చింది. తడిసి ముద్దయిన బావ ఆమెను కూర్చోబెట్టి, డ్రోన్ ముక్కలు ఏరసాగాడు.

సాయంత్రం రంగుల మేస్త్రీని పిలిపించారు. పచ్చి రంగు మీద నీళ్లు పడకుండా పైపుకు గుడ్డ కుక్కింది తనేననీ, తీయడం మరిచిపోయాననీ తల దించుకుని ఒప్పుకున్నాడు. డేగకన్ను చొక్కాను చేత్తో ఎత్తిపట్టి, హతుడెవరని గంభీరంగా అడిగాడు.

"నేనేనండీ," అన్నాడు మేస్త్రీ. "పెళ్లిరోజుకి మా ఆవిడ కొనిచ్చిన చొక్కా అది. ఎవరో ఎత్తుకుపోయారని చెప్పాను. పైపులో దొరికిందని ఇంట్లో తెలిస్తే, అప్పుడు నిజంగానే చస్తాను."