టేకు పురుగులకు టిఫిన్

గైడ్ కృపానందం గారు వచ్చేలోగా పురుగులు బుద్ధిగా ఉంటే చాలు. ఆ ఉదయం సంయుక్త దేవుణ్ణి కోరుకున్నది అంతే. యూనివర్సిటీ ల్యాబులో ఏసీ పాడైతే, టేకు చెట్లను తినే ఆ గొంగళిపురుగులను భవానీపురంలోని ఇంటికి తెచ్చుకుంది. ఒక డబ్బాలోవి టేకాకు తిని పెరిగినవి, రెండో డబ్బాలోవి శనగపిండి ముద్ద తిని పెరిగినవి. వేపాకు ముద్ద పూసిన టేకాకు పెడితే మొదటివి మూతి తిప్పుకుంటున్నాయి, రెండోవి లొట్టలేసుకుని లాగించేస్తున్నాయి. పెరిగిన తిండిని బట్టి చేదంటే ఏవగింపు మారుతుందని ఆమె థీసిస్. కృపానందం గారు నమ్మితేనా! "కళ్లారా చూస్తేనే సంతకం పెడతానమ్మా. లేదంటే కొత్త టాపిక్ వెతుక్కో" అనేశారు.

సంయుక్త తలస్నానం చేసి వచ్చేసరికి రెండు డబ్బాల్లోనూ ఈనెలే మిగిలాయి.

"అమ్మా! ఏం చేశావ్?"

"ఒక డబ్బాలోవి రాత్రి నుంచీ ఏమీ ముట్టలేదే. చూస్తే ఆకుల నిండా జిగట! ఉప్పూ పసుపూ వేసి, ఆకుకూర కడిగినట్టు శుభ్రంగా కడిగి పెట్టా. పాపం, ఆవురావురుమని తిన్నాయి" అంది త్రిపురసుందరి, పుణ్యం చేసిన ముఖంతో.

"నా కొంప ముంచావు కదమ్మా!"

సంయుక్తకు ఏడుపొక్కటే తక్కువ. కొత్త ఆకులకు మళ్లీ పూద్దామని ఫ్రిజ్ తెరిచింది. వేపాకు ముద్ద గిన్నె లేదు.

"ఆ పచ్చముద్దా? కొత్తిమీర నూరి పెట్టావనుకుని అల్లం పచ్చట్లో కలిపేశా. మీ సార్ పెందలాడే వచ్చేశారు. ఆయనకీ నాన్నకీ పెసరట్లు వడ్డించేశాను కూడా."

సంయుక్త హాల్లోకి పరుగెత్తింది. నాన్న వెంకటేశ్వరరావు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, ముఖం అష్టవంకరలు తిప్పుతూ వాష్‌బేసిన్ వైపు ఉరికారు.

"సార్, తినకండి! పచ్చట్లో వేపాకు కలిసింది!"

కృపానందం గారు తలెత్తారు. ఆయన మొదటి పెసరట్టు ఎప్పుడో అయిపోయింది, రెండోది సగంలో ఉంది.

"వేపాకా? బానే ఉందే! షుగర్ వచ్చినప్పట్నుంచీ మా ఆవిడ మణెమ్మ పొద్దున్నే కాకరకాయ రసం పట్టిస్తోందమ్మా. ఇప్పుడు నాకు చేదంటే ఓ లెక్కా..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన పుక్కిలిస్తున్న వెంకటేశ్వరరావును చూశారు, తన ప్లేటు చూసుకున్నారు.

"మీ నాన్నగారు పొద్దున్నే ఏం తింటారమ్మా?"

"పూతరేకులు, సార్."

కృపానందం గారు కాసేపు ఆలోచనగా నమిలారు.

"డబ్బాలు తెరవక్కర్లేదు. కాగితాలు తీసుకురా, సంతకం పెడతాను."

ఫలితం మరోసారి సరిచూసుకోవాలంటూ ఆయన ఇంకో పెసరట్టు వేయించుకున్నారు. వెంకటేశ్వరరావు మాత్రం ప్రయోగం నుంచి తప్పుకున్నారు.