కాల్షియం సీసాపై దండయాత్ర

సకల మూతలకును, మరలకును, బిరడాలకును అధిదేవత ఎవరైనా ఉన్నయెడల ఆ తల్లికి ముందుగా ఒక దండము. ఇక కాలము వినుడు: కొళాయినీళ్లు వచ్చిపోయి, బకెట్లన్నియు నిండి, బడికి పోవువారు బడికిని పనికి పోవువారు పనికిని పోగా, వీధి యంతయు చీపురు పక్కనబెట్టి ఒక్కసారి ఊపిరి తీసుకొను వేళ. స్థలము వినుడు: ముందుగది కుట్టుషాపుగను, వెనుకగది వంటయిల్లుగను, నడిమిగది తక్కిన సంసారమంతయుగను వర్ధిల్లుచున్న ఒకానొక ఇల్లు. యుద్ధమన్ననో, ఒక అరచేతికిని ఒక మూతకును. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వి ముగింపుడు, తరువాత తీరిక చిక్కదు.

చంకలో పట్టివేసిన చొక్కాలకు అభయప్రదాయినియు, బొత్తాములు రాలిన దీనులకు కల్పవృక్షమును, కత్తెరధారిణియు, కుట్టుమిషను సింహాసనాధీశ్వరియు నగు దర్జీ అత్తయ్య ఈ గాథకు నాయిక. కోడలు అత్తయ్యా అని పిలుచుట విని వీధివారందరును అట్లే పిలువసాగిరి. ఇట్టి వీరాంగనను శత్రువులెవ్వరును పడగొట్టలేదు. ఆమె చేత్తో ఆమె కత్తిరించిన లైనింగు గుడ్డపేలిక ఒకటి గచ్చుమీద పడియుండి పడగొట్టెను. అరచేయి ఆనించి పడుటచే కుడి మణికట్టు ఎముక విరిగెను, పిండికట్టు పడెను.

ఆ కట్టు లోపల పుట్టిన దురదను వర్ణించుట నా వల్ల కాదు, నా తాత వల్ల కాదు. చెమటకాయలు బారులు తీరి విజృంభింపగా, గోకుటకు త్రోవ లేక, ఆ మహాసాధ్వి కొలబద్దను కట్టులోనికి దూర్చబోయెను. కోడలు లాగుకొనెను. అల్లికపుల్ల దూర్చబోయెను. అదియు లాగుకొనెను. కట్టు విప్పిన నాడు చర్మము పొట్టు పొట్టుగా రాలుచు, పక్కింటివారి చేయి ఎరవు తెచ్చుకున్నట్లు సన్నబడి ఆ హస్తము బయటపడెను.

చేతికి పట్టు వచ్చినదా లేదా అన్న సంగతి ఎక్స్‌రే చెప్పదనియు, మందుసీసా మూత చెప్పుననియు ఎముకల డాక్టరు సెలవిచ్చెను. ఎవరి సాయమును, ఏ పనిముట్టును లేక సీసా మూత తీయగలిగిన నాడు మిషను ఎక్కవచ్చును, లేనియెడల మరియొక నెల విశ్రాంతి. విశ్రాంతి అను ఆ మాట విని అత్తయ్యకు విరిగిన ఎముక కంటె మిన్నగా నొప్పి పుట్టెను. ఏలయన షాపులో కొక్కేనికి కాపలాదారుని కోటు ఒకటి ఒంటిచేతితో వ్రేలాడుచుండెను. రెండవ చేయి కత్తిరించియు ఉండెను, కుట్టవలసిన చేయియే లేకుండెను. చలి ముదురుచున్నదని ఆ కాపలాదారుడు వచ్చి, రేపటికి కాకున్న ఎదురుషాపు వానిచేత కుట్టించుకొందునని, చెప్పలేక చెప్పలేక చెప్పి పోయెను. తాను మొదలుపెట్టిన కోటుకు పరాయివాడు చేయి తగిలించుటయా! డాక్టరు వద్దకు పోవలసినది ఈ సాయంత్రమే.

ఇక ప్రతినాయకుడు. పొట్టివాడు, తెల్లనివాడు, మెడ లావుపాటివాడు, కాల్షియం సీసా అని పేరు. వాని ఉదరమందు కాల్షియము సర్వసేనానియై, మెగ్నీషియమును జింకును కుడియెడమల నిలువగా, డి విటమిను సారథియై, గుల్లబారు ఎముకలను ఉద్ధరింప మహాసైన్యము కొలువుదీరి యుండెనని చీటీమీద అచ్చువేసి యుండెను. ఎముకల కొరకు వెలసిన ఆ సైన్యము ఎముక విరిగినవారికే తలుపు తీయకుండెను.

ఆ దోషము సీసాది కాదు. అత్తయ్య పెనిమిటి కొళాయిల మేస్త్రి. తన ఇంట చుక్క కారదని ఆయనకు జన్మానికి సరిపడ గర్వము. తిరుగు వస్తువేదైనను కంటబడిన చాలు, దానికి మరియొక చుట్టు బిగింపక ఆయన చేయి ఊరకుండదు. నూనెసీసా, ఉప్పుడబ్బా, గోడకున్న మేకునకు మర ఉన్నచో ఆ మేకు, అన్నియు ఆయన బిగింపునకు లోనైనవే. రాత్రి భోజనమైన పిమ్మట ఇల్లంతయు ఒక్క చుట్టు తిరిగి, మూతలన్నిటిని పలుకరించి, బిగించి, అప్పుడు గాని పడుకొనడు. ఉదయము ఇంటిల్లిపాదియు సీసా పట్టుకొని ఆయన చుట్టూ తిరుగుట ఆ ఇంటి నిత్యకృత్యము. ఆయనకు శత్రువు ఒక్కటే, సగము తలను పట్టి పీడించు పార్శ్వపునొప్పి. కాస్త గట్టిగా ఒత్తిడి పడిన చాలు, అది వచ్చి కూర్చుండును.

కట్టు విప్పినది మొదలు అత్తయ్య ప్రతి ఉదయమును దండెత్తెను, ప్రతి ఉదయమును ఓడెను. పళ్లు బిగబట్టుటచే నుదుటికి పట్టీ కట్టినట్లు తలనొప్పి వచ్చుటయే ఆమెకు దక్కిన కప్పము. కోడలు సాయపడకూడదా అందురేమో. ఆమెకు వేళ్లసందుల తామర, గిన్నెలు తోము సబ్బు పడదు. నిత్యము మందు పూసుకొని చేతులు గాలిలో పట్టుకొని తిరుగును. కనుక ఆమె సాక్షి, న్యాయమూర్తి, అప్పుడప్పుడు నవ్వుటకు మాత్రమే అధికారము కలది.

ఆనాడు అత్తయ్య సీసాను ముందుగది బల్లమీద నిలిపి, కొంగు దోపి, ప్రతిజ్ఞ చేసెను. "ఓరి ప్లాస్టిక్ కుల కళంకమా, నా కరకమల ప్రహారమునకు నీ శిరస్సు నేడు ధరణిపై దొరలకుండునేని నేను కత్తెర పట్టిన దానను గాను" అని ఆమె గర్జించినట్లు వ్రాయుట కవిధర్మము. ఆమె నిజముగా అన్నది ఇంతే:

"ఇవాళ నువ్వో నేనో తేలిపోవాలి."

అని పట్టి తిప్పగా, ఆహా, ఏమి చెప్పుదును! అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్లు మూత ఊడి వచ్చెను.

కోడలు చప్పట్లు కొట్టబోయి, మందు గుర్తువచ్చి ఆగెను. ఆనాడు పని మాని, మూల కూర్చుండి పత్రిక చదువుచున్న మేస్త్రి, తల యెత్తి చూడకముందే, ఎంత బాగా తీసితివని మెచ్చుకొనెను. అత్తయ్య మాత్రము నవ్వలేదు. మూతను ఒకసారి, మగనిని ఒకసారి చూచెను. ఎన్ని ఏండ్లు కాపురము చేసినది! ఆ చేతి బిగింపు ఎట్టిదో ఆమెకు తెలియకపోవుట ఎట్లు?

"రాత్రి దీన్ని మీరే బిగించారు కదూ?" అని అడిగెను.

"నేనే."

"మీరు బిగించింది ఇలా వస్తుందా?"

మేస్త్రి ఇంటికప్పు వంక చూచెను. కప్పు నుండి ఏ సాయమును రాలేదు. పుట్టి బుద్ధెరిగి ఒక్క మరను వదులుగా విడిచి ఎరుగని ఆ మహానుభావుడు తప్పు చేసిన పిల్లవానివలె నసిగెను. "పొద్దున్నే నువ్వు చెయ్యి పట్టుకుని కూర్చుంటుంటే చూడలేకపోతున్నా. అందుకే కాస్త వదులుగా..."

ఆమెకు కోపము వచ్చెను. ఆ కోపము వెంటనే కన్నీరును వచ్చెను. తన కొరకు ఆయన తన ధర్మమునే తప్పెనని తెలిసి ప్రేమయు పొంగెను. ఇన్ని ఒక్కమారుగా వచ్చినపుడు ఏది ముందు చూపవలెనో తెలియక ఆమె సీసాను ఆయన ముందు ఠకీమని పెట్టెను.

"రేపు కోటుకి చెయ్యి తగిలించేది మీ జాలి కాదు, ఈ చెయ్యి. ఇది పనికొస్తుందో లేదో నాకు తెలియాలి. బిగించండి. మేడమీద ట్యాంకుకి బిగించినట్టు బిగించండి."

వలదని కోడలు వేడుకొనెను. గెలిచిన యుద్ధము మరల ఏలనని మేస్త్రి బతిమాలెను. అత్తయ్య విననేలేదు. అప్పుడా మహామేస్త్రి, ఎన్నో మేడల గొట్టములను శాసించినవాడు, వరదలను వాషరుతో ఆపినవాడు, చొక్కాచేతులు పైకి మడిచి, సీసాను తొడల నడుమ నిరికించి, పళ్లు కొరికి, కంఠమున నరములుబ్బ, మూతను ఒక చుట్టు, అర చుట్టు, ఇక తిరగదన్న పిమ్మటను మరియొక ఆవగింజంత బిగించెను. ఎడమ కణతలో పార్శ్వపునొప్పి చిటుక్కున మొలిచెను. సీసాను ఇచ్చివేసి ఆయన తల పట్టుకొని కూలబడెను.

మహాసంగ్రామము మొదలయ్యెను. అత్తయ్య పట్టెను, తిప్పెను. మూత కదలలేదు. మరల తిప్పెను. మణికట్టు సలిపెను, చెమట పట్టెను, అరచేయి జారెను. కోడలు ముఖము తిప్పుకొనెను. కొక్కేనికి ఒంటిచేతి కోటు వ్రేలాడుచునే యుండెను.

అత్తయ్య ఆ కోటును చూచెను. చూచి, సీసా దింపి, కొంగున చేయి తుడుచుకొనెను. నాలుగు మడతల మందపాటి గుడ్డను కత్తిరించునపుడు తాను మణికట్టుతో ఎన్నడు కత్తిరించెను? మోచేతిని ప్రక్కకు ఆనించి, ఊపిరి బిగబట్టి, భుజముతో గదా కత్తిరించునది! ఇన్నాళ్లు మూత యనగానే ఆ సంగతి మరచి, రోగివలె చేయి చాచి తిప్పుచుండెను. ఇప్పుడు దర్జీవలె కూర్చుండెను. సీసాను పొట్టకు అదిమెను. మోచేయి డొక్కకు ఆనెను. కళ్లు మూసుకొని కత్తెరను తలచుకొనెను.

టక్.

చిన్న శబ్దము. వీధిలో ఎవరికిని వినబడలేదు. గదిలో మువ్వురికిని వినబడెను.

మూత అత్తయ్య అరచేతిలో బోర్లపడి యుండెను. ఆమె ఒక మాత్రను నోట వేసుకొని, నీళ్లు త్రాగి, ఏమియు జరుగనట్లు పైట సర్దుకొనెను. మేస్త్రి సగము తెరచిన కంటితో ఆమెను చూచి, అలమరలోని తలనొప్పి మందు డబ్బా అందుకొని తిప్పబోయెను. ముందునాటి రాత్రి మందుసీసాకు తగ్గించిన చుట్టంతయు దీనికి కలిపి బిగించెనో ఏమో, అది రాలేదు. ఆయన బట్టతో పట్టి తిప్పెను, తలుపు సందున పెట్టి తిప్పెను. తన బిగింపు తనకే లొంగక, ఇల్లంతటికిని మూతలు తీసిపెట్టిన ఆ చేయి, డబ్బాను ఆలి వైపు చాచెను.

"నువ్వే తియ్యి" అనెను.

ఆమె తీసెను. తీసిన చేతితోనే ఆయన కణతకు మందు రాసెను, చాలాసేపు రాసెను. కోడలు వంటయింట పని ఉన్నదని లేచి వెళ్లెను, పని ఏమియు లేదు.

ఈ గాథ విన్నవారికి ఎముకలు గట్టిపడునని నేను బొంకను, వేళకు మాత్రలు మింగుడు. ఆ సాయంత్రము సీసాను తనిఖీ చేయబోయిన ఎముకల డాక్టరు, ఈమారు అత్తయ్య స్వహస్తములతో బిగించిన మూతను తీయలేక, రెండుమార్లు దగ్గి, కుట్టుకొమ్మని సెలవిచ్చెను. మరునాడు కోటుకు రెండు చేతులుండెను.